నా వాటాకొచ్చిన నల్ల కెమేరా

నా రాతబల్ల మీద ఇప్పుడొక థర్మకోల్ పెట్టె ఉంది. మూత ఎత్తితే గదంతా ఎండు నెత్తళ్ళ వాసన కమ్ముకుంటుంది. పిల్లి ఏమైనా దూరిందేమోనని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి మంచం కింద కూడా చూసి వెళ్ళింది. లోపల చేపా లేదు, పిల్లీ లేదు. పట్టుకునేచోట రబ్బరు ఊడిపోయి, అద్దం లోపల సాలెగూడులా బూజు అల్లుకున్న పాత నల్ల కెమేరా ఒకటి ఉంది. దానికి చేపల వాసన ఎలా పట్టిందో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం గురించి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కెమేరా న్యాయంగా, నలుగురి ఎదుటా, నా వాటాకే వచ్చింది. నేనే నేలమీద పడి దొర్లి, ఏడ్చి మరీ దాన్ని వదిలించుకున్నాను. ఆ తర్వాత అది ఎవడి మెడలో వేలాడిందో వాణ్ణి చూసి ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను. ఏడవడంలోనూ కుళ్ళుకోవడంలోనూ నాకు మంచి పట్టుందని మా బంధువర్గమంతా ఒప్పుకుంటుంది.

మా నాన్నది స్టీలుప్లాంటులో ఉద్యోగం, మా ఇల్లు కూర్మన్నపాలెంలో. కిటికీ ఊచలమీద వేలితో రాస్తే ఎర్రటి దుమ్ము అంటుకునేది, షిఫ్టు బస్సుల రాకపోకలే మాకు గడియారం. కానీ వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే అమ్మ మమ్మల్ని బస్సెక్కించి హార్బరు పక్కనున్న తన పుట్టింటికి తీసుకుపోయేది. ఆ నెలల్లో వేట నిషేధం కనుక మరబోట్లన్నీ ఒడ్డున కూచుని రంగులు వేయించుకునేవి. మగవాళ్ళు వలలు ఒళ్ళో వేసుకుని చిరుగులు కుట్టుకుంటూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు. పెయింటు, డీజిలు, ఉప్పుగాలి, ఎండుతున్న చేపలు, పక్కింటి పొయ్యిమీద పులుసులో ఉడుకుతున్న మామిడికాయ, ఇన్ని వాసనలు కలిసి ఒక్క వాసనై ముక్కుకి తగిలితే చాలు, నాకు సెలవులు మొదలైనట్టు. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, కాళ్ళు కాలేదాకా ఇసకలో క్రికెట్టు ఆడి, సాయంత్రం మా అమ్మమ్మ వేయించిన నెత్తళ్ళు కాగితంలో పోసుకుని పలుకుల్లా నములుతూ బోట్లకి కొత్తగా రాస్తున్న పేర్లు చదువుకునేవాళ్ళం.

అమ్మమ్మ అంటే మా అందరికీ భయం, చేపల వేలంలో బేరగాళ్ళకి ఇంకా భయం. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూనే ఆవిడ అవతలి మనిషిని మూడు తరాల దాకా తిట్టగలదు, నిప్పు నాలిక్కి తగలదు, మాట మనిషికి తగులుతుంది. మా తాత పోయాక ఆయన ఫోటోకి పక్కనే గోడకి తనే ఒక మేకు కొట్టింది. "ఇది నాది. నాను బతికుండగానే నా పటం ఈడ ఎల్లాడాల. సచ్చాక ఎవుడో నా రేషన్ కార్డు ఫోటో పెద్దది సేయించి ఎడతాడు, నానొప్పుకోను," అనేది. ఆ మేకు ఏళ్ళ తరబడి ఖాళీగా తుప్పు పట్టింది. ఫోటో దిగాలంటే స్టూడియోకి వెళ్ళాలి, స్టూడియోవాడు చుట్ట బయట పారేసి రమ్మంటాడు, ఆవిడ పారెయ్యదు.

నేను ఎనిమిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో, ఓడలో వంటవాడిగా పనిచేసే మా చిన్న మావయ్య సెలవుమీద వచ్చి, చాప మీద రెండు కెమేరాలు పెట్టాడు. ఒకటి వెండిరంగుది, సబ్బుబిళ్ళంత, కొత్తది. మీట నొక్కితే జుయ్యిమని మూతి బయటికి చాపేది, వెనకాల బుల్లి తెరమీద మేమంతా కదులుతూ కనిపించేవాళ్ళం. రెండోది నల్లది, బరువైనది, ఓడలో ఎవరో ఆఫీసరు వాడి వాడి, కొత్తది కొనుక్కుని మావయ్యకిచ్చేసినది. దాని పేరు డీఎస్సెల్లారట, ఆ పేరుకి నోరు తిరగక అమ్మమ్మ దాన్ని దున్నపోతంది.

కెమేరాలు రెండు, మగపిల్లలం ఇద్దరం. నేనూ, పెద్ద మావయ్య కొడుకు నూకరాజూ. వాడు నాకన్నా ఏడాది పెద్ద, అయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. నాకు అమ్మమ్మ అయిన మనిషి వాడికి నాయనమ్మ, అందుచేత ఆవిడ మీద హక్కు ఎవరిదన్న తగువు మాకు పుట్టుకతోనే వచ్చింది. ఎవరికేది అని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే అమ్మమ్మ విసుక్కుని, "రేవులో వాటాలెలగేత్తారో అలగే ఎయ్యండి," అంది. రేవులో చేపల్ని కుప్పలుగా పోశాక ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఒక కుప్పమీద చెయ్యిపెట్టి "ఇది ఎవుడిది?" అంటాడు. వెనక్కి తిరిగినవాడు కుప్ప చూడకుండా పేరు చెబుతాడు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మాట్లాడ్డానికి లేదు. అమ్మమ్మ గోడవైపు తిరిగింది. చిన్న మావయ్య నల్లదానిమీద చెయ్యి పెట్టాడు.

"ఇది ఎవుడిదే అమ్మా?"

"సిన్నోడిది."

చిన్నోణ్ణి నేను. రెండుచేతులా ఎత్తి దాని వెనకాల తెరలోకి చూశాను. నల్లగా ఉంది. మూత తీసి చూశాను, అయినా నల్లగానే ఉంది. ఆ తరహా పాత కెమేరాల్లో కన్నానికి కన్నానించి చూడాలనీ, తీశాకే బొమ్మ తెరమీదికి వస్తుందనీ నాకెవరు చెప్పారు? పక్కన నూకరాజు చేతిలోని వెండిబిళ్ళలో ప్రపంచమంతా రంగుల్లో ఆడుతోంది. నాకు పాడైపోయిన సామాను అంటగట్టారని గ్రహించి నేలమీద పడ్డాను.

"ఒగ్గీరా గుంటడా, ఏడవకు," అంది అమ్మమ్మ. "ఏటిరా రాజూ, ఆడికిచ్చేత్తావా?"

నూకరాజు నల్లదానికేసి చూశాడు. "ఇచ్చేత్తాను గానీ మల్లీ అడిగితే నానివ్వను."

"వాటా మార్సుకున్నోడు మల్లీ అడక్కూడదు. మీ ఇద్దరిలో ఎవుడు బాగా తీత్తే ఆడి పటం నా మేకుకి."

అలా వెండిరంగు చూసి బంగారాన్ని వదులుకుని, ఆ సాయంత్రమంతా విజేతలా తిరిగాను.

మర్నాటినుంచి నా కడుపులో పొయ్యి రాజుకుంది. నల్లకెమేరా మెడలో వేసుకుని నూకరాజు వీధిలోకి వస్తే వలలు కుట్టేవాళ్ళు పని ఆపి మీసాలు దువ్వుకునేవాళ్ళు. అది "ఠక్" అని మోగేది, ఆ చప్పుడుకే మనుషులకి గౌరవం పుట్టేది. నేను నా సబ్బుబిళ్ళ పైకెత్తితే "సెల్లుఫోనేటిరా?" అనేవాళ్ళు. పెళ్ళిళ్ళలో వాడికి దారి ఇచ్చేవాళ్ళు, నన్ను దారిలోంచి తప్పుకోమనేవాళ్ళు. పైగా నా కెమేరాకి తీరిక ఎక్కువ. మీట నొక్కాక ఒక ఎర్రదీపం వెలిగించుకుని, ఒకసారి గొంతు సవరించుకుని, లోకాన్ని తాపీగా పరికించి అప్పుడు తీసేది. గెంతిన చేప నా ఫోటోలో ఒట్టి అలై మిగిలేది. పరిగెత్తిన కుక్కకి తోక మిగిలేది.

ఈ లోపల నూకరాజు ఒక ఘనకార్యం చేశాడు. ఉప్పుగాలికి కెమేరా పాడవుతుందని ఎవరో చెప్పారు వాడికి. హార్బరులో పుట్టినవాడికి ఏ వస్తువైనా పాడవకుండా కాపాడే ఉపాయం ఒక్కటే తెలుసు. కెమేరాని పాలిథీన్ కవర్లో చుట్టి, చేపలు పెట్టే థర్మకోల్ పెట్టెలో ఐసుమీద పడుకోబెట్టాడు.

వేట మళ్ళీ మొదలైన రోజు తెల్లవారుతూనే మా పెద్ద మావయ్య బోటుకి పూజ. ముక్కుకి పసుపు కుంకాలు, బంతిపూల దండలు, నిమ్మకాయలు, సాంబ్రాణి పొగ. నూకరాజు కెమేరాని ఐసులోంచి తీసి ఆ ఉక్కపోతలోకి తెచ్చాడు, అద్దంమీద ఆవిరి కమ్మింది. వాడికి తెలియదు. నాకు కనబడింది. చెప్పలేదు. లోపల్లోపల తప్పెటగుళ్ళు మోగుతుండగా, మావయ్య కొబ్బరికాయ ఎత్తగానే నా మీట నొక్కాను.

ఫోటోలు ప్రింటు వేయించి తెచ్చాక ఇంటిల్లిపాదీ చాపమీద చేరారు. నా దాంట్లో పగిలిపోయిన కాయా, మావయ్య వీపూ ఉన్నాయి. వాడి దాంట్లో కాయ గాలిలోనే రెండు చెక్కలై, నీళ్ళు ముత్యాల్లా చిమ్ముతున్నాయి. చుట్టూ తెల్లటి పొగమంచు. బోట్లన్నీ స్వర్గంలో లంగరేసినట్టున్నాయి.

"ఓలమ్మో, ఇశాపట్నంలో మంచెక్కడిదిరా?" అంది మా అత్త.

"అది ఆర్టు," అన్నాడు చిన్న మావయ్య. ఓడలో దేశాలు తిరిగినవాడు కాబట్టి అందరూ నమ్మారు.

వాడి ఫోటోల్లో మంచు, నా కడుపులో మంట. తప్పు చేసినా కళ అయ్యే మనిషితో ఎలా పోటీపడటం?

ఇక మిగిలింది మేకు ఒక్కటే. సెలవులు అయిపోయే ముందు ఆదివారం అమ్మమ్మ తలకి నూనె రాసుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని, చుట్ట తీసి చేతిలో దాచుకుని గుమ్మంలో పీటమీద కూచుంది. చెరొకవైపూ మేము. చిన్న మావయ్య ఒకటి, రెండు, మూడు అన్నాడు. "ఠక్" అంది నూకరాజు కెమేరా. నాది ఎర్రదీపం వెలిగించింది. పని అయిపోయిందనుకుని అమ్మమ్మ బిగబట్టిన ఊపిరి వదిలి, చుట్ట నోటికి ఆనించబోతూ, నా మొహంలో కంగారు చూసి పక్కున నవ్వింది. అప్పుడు తీసింది నా కెమేరా.

ఆవిడ రెండూ చూసింది. నూకరాజు తీసినదానిలో గవర్నరులా ఉంది. నాది దగ్గరగా పెట్టుకుని చూసి, "సీ! పళ్ళు నేవు, సేతిలో సుట్ట. ఇది గోడకెడితే మీ తాత పటంలోంచి దిగొచ్చి మరీ తిడతాడు," అంది. మేకుకి నూకరాజు ఫోటో ఎక్కింది. కింద మూలలో వాడు కంప్యూటరు సెంటర్లో పసుపు అక్షరాలతో వేయించుకున్న పేరు: నూకరాజు ఫోటోస్. ఆ పేరు నాకు పక్కనున్న తాత ఫోటోకేసి చూసినా కనబడేది. కూర్మన్నపాలెం వెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి కూచుని, కంట్లో దుమ్ము పడిందన్నాను. మా ఊరి దుమ్ము కాబట్టి అమ్మ నమ్మింది.

తర్వాత నూకరాజు నిజంగానే మద్దిలపాలెంలో స్టూడియో పెట్టాడు. మా అక్క పెళ్ళి ఫోటోలు వాడే తీశాడు. నేను వరుసలో నిలబడ్డ ప్రతి ఫోటోలోనూ వాడి పేరు సరిగ్గా నా చొక్కా జేబుమీద పడింది. ఆల్బం తిరగేసినవాళ్ళంతా నన్ను వాడి దుకాణంలో కుర్రాడనుకున్నారు. అమ్మమ్మ పోయింది. ఫోన్లలోకి కెమేరాలు దూరాక స్టూడియో కూడా పోయింది. వాడిప్పుడు ఐసు ఫ్యాక్టరీ చూసుకుంటున్నాడు. ఐసుతో వాడి అనుబంధం అలాంటిది.

పోయిన నెలలో ఈ థర్మకోల్ పెట్టె చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. టీ తాగాడు. నెత్తిమీద ఫ్యాను కేసి చూశాడు. అప్పుడు అడిగాడు.

"బావా, నాయనమ్మ నవ్విన పటం నీ కాడుందేటి?"

"ఉంటే?"

"నాది ఉప్పుగాలికి తెల్లగైపోనాది. కంప్యూటరెప్పుడో పోనాది. అది కాదు గానీ బావా, మా పాప ఆ పటం సూసి, ఈ మామ్మ ఎందుకలా కోప్పడతాది నానా అంటంది. నానేటి సెప్పను? ఆవిడ అలగ ఎప్పుడుందిరా? నవ్వుతానే కదా తిట్టీది." పెట్టె నా ముందుకు తోశాడు. "ఇది నీ వాటాయే. నాయనమ్మ సెప్పినట్టు నువ్వడగలేదు. నానే ఇచ్చేత్తన్నాను. మార్సుకుందాం."

కెమేరా చేతిలోకి తీసుకున్నాను. పనిచెయ్యదు. ఐసు తిన్న అద్దంనిండా బూజు. ఇన్నేళ్ళు దీనికోసమా కుళ్ళుకున్నాను అనిపించలేదు. ఇప్పుడు కూడా కొంచెం కుళ్ళుకున్నాను, అరచేతిలో అంత బాగా ఒదిగింది. నా వెండిబిళ్ళ కూడా బ్యాటరీ ఉబ్బి చచ్చిపోయి చాలాకాలమైంది, కానీ దాని కార్డులోవన్నీ నేను ఒక కంప్యూటర్లోంచి ఇంకో కంప్యూటర్లోకి మోసుకొస్తూనే ఉన్నాను. నా కెమేరా ఎప్పుడూ ఒక క్షణం వెనకబడేది. అమ్మమ్మ అమ్మమ్మగా ఉండేది కూడా ఆ వెనకబడ్డ క్షణంలోనేనని ఆ రోజున మా ఇద్దరికీ తెలియదు.

ఫోటో పంపాను. పెద్దగా ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి మరీ పంపాను. కింద మూలలో, పసుపు అక్షరాలతో, కత్తిరిస్తే చుట్టతోపాటు అమ్మమ్మ చెయ్యి కూడా తెగేంత జాగాలో, నా పేరు వేయించాను. పక్కన "ఫోటోస్" అని కూడా.

నిన్న ఆదివారం హార్బరు పక్కన అమ్మమ్మ ఇంటికి వెళ్ళి చూశాను. బోట్ల పేర్లు మారిపోయాయి, నెత్తళ్ళు ఎండేచోట బళ్ళు నిలబెడుతున్నారు, వీధిలో ఎవరూ ఎవరికీ మీసం దువ్వుకుని నిలబడటం లేదు. మేకు మాత్రం అదే. తాత పక్కన అమ్మమ్మ పళ్ళులేని నోటితో నవ్వుతోంది. నూకరాజు ఫ్రేముకి ప్లాస్టిక్ చామంతుల దండ వేశాడు, ఎంతో భక్తితో, ఒకవైపుకి బాగా వాలేటట్టు. దండ కొస సరిగ్గా నా పేరుమీద పడింది.

వాడు టీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. నేను లేచి దండని రెండో వైపుకి జరిపాను.