తొమ్మిదో కూజా

మా పక్కింటి మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నా చేతిలో చెంచా ఉంది. అది ఎందుకుందో మీకు చెప్పాలి.

మాస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. చొక్కా జేబులో ఇంకా సుద్దముక్క ఉండేది. ఎవరేం చెప్పినా, "చూసి చెబుతున్నారా, అనుకుని చెబుతున్నారా?" అని అడిగేవారు.

కడియం నర్సరీలో కొన్న కూజా మొక్క ఒకటి ఆయన వరండాలో ఉంది. ఆకుల చివర మూతలున్న చిన్న కూజాలు వేలాడతాయి. అందులో జారిపడిన చీమా దోమా కరిగి మొక్కకి ఆహారమవుతాయి. లోపలి నీళ్ళు గోధుమరంగు, కంపు.

"ఆ కుళ్ళునీళ్ళు పారబోయరేంటండీ?" అన్నానొకసారి.

"అందులో బాక్టీరియా ఉంటాయి అక్కగారూ. మొక్కకి సొంత రసం ఉంది గానీ, పురుగు బాగా కరగడానికి ఇవీ సాయపడతాయి. మీరు పాలల్లో వేసే తోడు లాంటివనుకోండి."

"నా తోడు ఇలా కంపు కొట్టదు."

"పాలనడగండి, ఏమంటాయో."

రాజమండ్రి ఆసుపత్రికి వెళుతూ మొక్కని నాకు అప్పగించారు. "నీళ్ళు కుండీలో పోయండి. కూజాల జోలికెళ్ళకండి." ఆ శుక్రవారం ఆశా కార్యకర్త వచ్చింది. వీధిలో ఇద్దరికి డెంగ్యూ. "నిలవ నీళ్ళెక్కడున్నా పారబోసెయ్యండి మామ్మగారూ," అంది. ఎనిమిది కూజాలూ వంచి, బ్లీచింగు నీళ్ళతో కడిగాను. ఇంటి లెక్కలన్నీ రాసుకునే పుస్తకంలో 'ఎనిమిది, శుభ్రం' అని రాసుకున్నాను. సోమవారానికి అంచులు నల్లబడ్డాయి. గురువారానికి ఎనిమిదీ ఎండి వేలాడాయి.

ఆ సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. "కూజాలెలా ఉన్నాయండీ?"

"బాగున్నాయి," అన్నాను. అబద్ధమాడితే నా పిల్లల్ని గోడకి నిలబెట్టినదాన్ని, మూడు రోజులు అదే మాట చెప్పాను. ఆయన గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. నిజం చెప్పేలోపు పోతారేమోనని ఒక భయం, చెబితే ఆ బాధతోనే పోతారేమోనని ఇంకో భయం. ఆదివారం బస్సెక్కాను.

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది. నేను కూర్చోలేదు. "ఎనిమిదీ బ్లీచింగుతో కడిగేశాను మాస్టారూ. చచ్చిపోయాయి. బాగున్నాయని అబద్ధం చెప్పాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు.

"చూసి చెబుతున్నారా, అనుకుని చెబుతున్నారా?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

"చూసే."

"తొమ్మిదండీ. కుండీ వెనకాల గోడవైపు ఒకటుంది." పెదవి కొంచెం కదిలింది. "మీరూ లెక్క తప్పుతారన్నమాట. కొత్త కూజా వచ్చి మూత తెరుచుకున్నాక, ఈ తొమ్మిదో దాన్లోంచి ఒక చెంచాడు తీసి అందులో పొయ్యండి. తోడుకి అది చాలు."

ఇంటికొచ్చి గోడవైపు చెయ్యి పెట్టి తడిమాను. ఉంది, నిండా గోధుమరంగు నీళ్ళతో. పుస్తకంలో ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేశాను. నన్ను ఒక్క మాట కోప్పడకుండా దిద్దిన మనిషి ఆయనొక్కరే.

ఒక ఆకు చివర మొలిచిన కొత్త కూజా అప్పటికి బొటనవేలంత ఉంది, మూత అతుక్కునే ఉంది. మంగళవారం చెంచా పట్టుకుని దాన్ని చూస్తుండగానే ఫోన్ వచ్చింది.

ఆయన పోయి ఇవాల్టికి పదకొండు రోజులు. పొద్దున్న మూత ఒక పక్కన గోరు పట్టేంత విడింది. చెంచా పట్టేంత కాదు, లోపల ఇంకా చీకటి. అలవాటు కొద్దీ చెంచాని మళ్ళీ కడగబోయి, ఆగి, ఆ మూత ఎదురుగా కూర్చున్నాను.