నేనేగారి నేరాలు

చెరువులో ఎవరు ఏం పారేసినా, అది తానే పారేశానని ఒప్పుకోవడం గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషికి అలవాటు. అందుకే అందరూ ఆయన్ను నేనేగారు అనేవారు.

ఆయనకు లేని సిగ్గంతా బామ్మర్దికి వచ్చిపడింది. బామ్మర్ది బోర్డులు రాసే పెయింటరు. చెరువు పాడుచేసినవాళ్లు చెరువు బాగోగులు చూసే సంఘానికి జరిమానా కట్టాలి, గట్టు మీది బోర్డుకు వాళ్ల పేరెక్కాలి. గుర్రపుడెక్క తీయించేదీ, కాపలామనిషికి జీతమిచ్చేదీ ఆ జరిమానాలతోనే. బోర్డు రాసేది బామ్మర్ది. ఎప్పుడు రాసినా అక్క మొగుడి పేరే. అది చదివినవాడెవడైనా, ఈ మనిషికి చెరువు పాడుచెయ్యడం తప్ప వేరే పనీపాటా లేదనుకోవాలి.

ఒకసారి గట్టు కింద గోడ పగలగొట్టిన రాళ్లు, సున్నం పెళ్లలు కుప్పగా కనిపించాయి.

"ఎవరి పనిది?" అంది సంఘం అధ్యక్షురాలు పళ్ల డాక్టరమ్మ.

"నేనే" అని చెయ్యెత్తాడాయన.

"మీకు సైకిలైనా లేదు కదండీ! లారీడు రాళ్లు ఎలా తెచ్చారు?"

"జేబుల్లో వేసుకుని, కొంచెం కొంచెంగా."

అందరూ పడీపడీ నవ్వారు. తాపీమేస్త్రీ మాత్రం దగ్గుతూ బయటికి వెళ్లాడు. ఆ వారంలోనే విరిగిన చెరువు మెట్లు ఉచితంగా కట్టిపెట్టాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

షాంపూ ప్యాకెట్లు తేలినా ఆయనే. ఆయన తల మీద వెంట్రుకలు ఎప్పుడుండేవో కట్టుకున్న భార్యకే గుర్తులేదు.

"బావా, నీకు సిగ్గులేదా?"

"తక్కువేరా. చిన్నప్పట్నుంచీ అంతే."

"నాకుందిగా! నీ పేరు నా చేత్తో రాయాల్సొస్తోంది."

"బాగా రాస్తున్నావు. ఈసారి ఇంకాస్త పెద్దగా రాయి. మీ అక్కకి దూరం చూపు ఆనట్లేదు."

చివరికి సంఘానికి విసుగొచ్చింది. ఇంకొక్క తప్పు ఆయన పేరున పడితే ఆయనిక చెరువు గట్టు తొక్కకూడదని తీర్మానించారు. పొద్దున్నే నీటికోళ్లను పలకరించనిదే కొట్టు తెరవని మనిషికి అది ఊపిరి పీల్చొద్దనడమే.

ఆ తీర్మానంతో కాస్త తెరిపిన పడ్డ బామ్మర్ది బోర్డుకు కొత్తగా ఎర్రరంగు వేసి, బ్రష్షులూ డబ్బాలూ ఎప్పటిలాగే పక్క కాలువలో కడిగాడు. ఆ కాలువ ఎటు పోతుందో ఏనాడూ చూడలేదు. తెల్లారేసరికి చెరువు అంచున ఎర్రటి తెట్టు, దానిమీద వెల్లకిలా తేలిన చేపపిల్లలు. ఆ ఎరుపు ఎవరిదో గుర్తుపట్టడానికి అతనికి క్షణం పట్టలేదు.

సమావేశంలో డాక్టరమ్మ అడిగింది. బామ్మర్ది తన గోళ్లలో ఇంకా మిగిలిన ఎరుపు చూసుకున్నాడు. పక్కన బావ చెయ్యి లేస్తోంది.

"నేనే. గడియారం ముళ్లకి రంగేస్తూ..."

"నోర్మూసుకో బావా!" బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "నేను. నా బ్రష్షులు."

"కూర్చోరా. నా తప్పులో వాటాకొస్తావా?"

"నీ తప్పేంటి? అసలు నువ్వు చేసిందేదన్నా ఉందా?"

వెనక వరసలోంచి మేస్త్రీ లేచాడు. "ఆ రాళ్లు నావండీ."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "షాంపూ ప్యాకెట్లు..." ఆమె గొంతు ముందు వరసకే వినిపించింది, "మా ఇంట్లోవే అనుకుంటా."

మళ్లీ తనే అంది, "మరి మీరెందుకండీ ఒప్పుకున్నారు?"

"పేరు బోర్డెక్కితే మొహం చెల్లక మళ్లీ ఇటు రారమ్మా. మేస్త్రీ రాకపోతే మెట్లెవరు కడతారు? మీరు రాకపోతే సంఘమెవరు నడుపుతారు? నాదేముంది, నేనెలాగూ రేపొస్తాను."

తీర్మానం రద్దయింది. బామ్మర్ది జరిమానా కట్టి, బావ వెనకాలే గట్టు మీద నేల చూపులు చూస్తూ నడిచాడు. అతను రాసిన అక్షరాలన్నీ వరసగా కళ్లముందు కదులుతున్నాయి.

"తలెత్తి నడవరా" అన్నాడు నేనేగారు వెనక్కి తిరక్కుండానే. "పక్కన నీళ్లు. ఆ రంగులంటిన చొక్కాతో పడ్డావంటే, ఈసారి నేనొప్పుకోను."