అక్క గదిలో కుంపటి

మొన్న మధ్యాహ్నం సంతోష్‌నగర్‌లో మా అక్క మనవరాలు, డాక్టరు చదువుతున్న పిల్ల, నా పక్కన కూర్చుని పాఠం వల్లె వేస్తూ, మన ఒంట్లో పాత నెత్తురు విరిగినప్పుడల్లా పిసరంత కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, అది రక్తనాళాల గోడలను సడలించి నెత్తురు సాఫీగా పారేటట్టు చేస్తుందని చెప్పింది. బొగ్గుల కుంపటిలో వచ్చేది కూడా అదేనా అని అడిగాను. "అదే చిన్నమ్మమ్మా. గది మూసి కుంపటి పెడితే పానం తీస్తది, లోపల పుట్టే జరంత మాత్రం మంచిదే" అంది. నాకు మా అక్క గది గుర్తొచ్చింది, అంతే. ఏడుపు రాలేదు.

మన కాలంలో బాలింతను ఎట్లా చూసేవాళ్లో మీకు తెలియనిది కాదు. నీళ్లు పోయగానే మంచం కింద నిప్పుల కుంపటి, పైన సాంబ్రాణి, చెవులకు గుడ్డ, గాలి సోకకుండా కిటికీ సందుల్లో గోనెపట్టా. మా బాపు దబీర్‌పురా స్టేషన్‌లో పనిచేసేవాడు, ఇంజన్లు సగం కాల్చి పారేసిన బొగ్గు ఇంటికి తెచ్చేవాడు, బొగ్గుకు కరువులేని ఇల్లని మాకు కొంచెం గర్వం కూడా ఉండేది. అక్క కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఒకరోజు అమ్మ, అక్కకు పుట్టిన పసిపిల్లకు స్నానం చేయించడానికి పెరట్లోకి పోతూ, పదేళ్ల నన్ను అక్కకు కాపలా పెట్టింది. తల పగులుతోందని, కిటికీ జర తియ్యమని అక్క రెండుసార్లు అడిగింది. బాలింతకు గాలి సోకొద్దన్న నానమ్మ మాట మాకు వేదం, పైగా నాకు పెద్దరికం దొరికిన మురిపెం. గాలి సోకుతది, పండుకో అని కసిరి, తలుపు దగ్గరకు వేసి గడప బయట గవ్వలాడుకున్నాను.

అమ్మ వచ్చేసరికి అక్కలో ప్రాణం లేదు. బుగ్గలు ఎర్రగా, నిద్రలో ఉన్నట్టే ఉంది. కాన్పయినవాళ్లకు చలిగాలి సోకితే వచ్చే బాలింత గుణం కొట్టిందని నానమ్మ తేల్చేసింది. నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పసిపిల్లే ఈ డాక్టరమ్మ తల్లి.

ఇప్పుడు బాలింతలు ఫ్యాను కింద పడుకుంటున్నారు, చల్లటి నీళ్లు తాగుతున్నారు, నిక్షేపంలా ఉంటున్నారు. చూసి సంతోషించాలని తెలుసు గానీ లోపల ఏమీ కదలడం లేదు. పుస్తకం మూసి ఆ పిల్ల, అమ్మమ్మ ఎట్ల పోయిందని అడిగింది. బాలింత గుణం అన్నాను, ఆమె తల్లికి ఇన్నేళ్లుగా చెప్పినట్టే. అటువంటి రోగం మా పుస్తకాల్లో లేదే అని నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. అబద్ధమాడితే ఒకప్పుడు గొంతు వణికేది, ఇప్పుడు అదీ లేదు.