బస్తాల కింద పిట్ట

డిగ్రీ రెండో సంవత్సరంలో నాకు మనుషులు మనుషుల్లా కనపడటం మానేశారు. ఇందులో మా తెలుగు లెక్చరర్ తప్పు కొంత ఉంది. ఆయన ఒకరోజు బోర్డు మీద 'మూలరూపాలు' అని రాసి, లోకంలో ఏ మూల పుట్టిన కథలోనైనా తిరిగేది ఆ పదిమందేనని చెప్పారు. వీరుడు, జిత్తులమారి, జ్ఞానవృద్ధుడు, కన్నతల్లి, రాకాసి తల్లి, ఇట్లా. కథల్లోనే కాదు, మన మనసుల అడుగున కూడా వీళ్ళే కాపురం ఉంటారని, కిరాయి కూడా ఇవ్వరని అన్నారు. కిరాయి మాట నేను కలిపింది.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికి నడిచేలోపు సిద్దిపేటను సగం వరకు వర్గీకరించేశాను. బస్టాండు ముందు చాయ్ పోసే ముసలాయన జ్ఞానవృద్ధుడు. ఆటో అతను జిత్తులమారి. మా నాన్న, అంటే బాపు, మాత్రం ఎందులోనూ ఇమడలేదు. ఆయన గడి ఖాళీగా వదిలేశాను. దానివల్ల ఆయన నష్టపోయినట్టు కనిపించలేదు.

వారం తిరగకుండా రికార్డు పని ఇచ్చారు. ఇంటి దగ్గర ఎవరైనా చెప్పే కథ రాసుకొచ్చి, అందులో ఎవరు ఏ మూలరూపమో గుర్తించాలి. ఇరవై మార్కులు. నేను కథ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంటి అరుగు మీద వాడకట్టు ఆడవాళ్ళు ఐదారుగురు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. చేతులకు తీరిక లేదు కానీ చెవులు ఖాళీ. కథ చెప్పేది పక్కింటి ముసలామె. ఆమెను అందరం ఖాలా అనేవాళ్ళం. ఆమె కథకు కొలత ఉండేది. చాటలో తంబాకు అయిపోయినప్పుడు కథ అయిపోవాలి. ఆకు ఎక్కువ వచ్చిన రోజు రాజుకు ఇంకో కూతురు పుట్టేది.

ఆ అరుగు మీద ఇంకో కట్టుబాటు ఉంది. ఎవరింట్లో కష్టం ఉంటే అది మెల్లగా కథలోకి వచ్చేది. ఎవరి కష్టమో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎవరి కథైతే వాళ్ళే తల వంచుకుని, చుట్టుతున్న బీడీ నుంచి కళ్ళెత్తకుండా ఊఁ కొడతారు. అంతే.

ఆ నెలల్లో ఊఁ కొడుతున్నది మా అక్క. కోహెడలో అత్తగారిల్లు. పెళ్ళికి ముందు ఇదే అరుగు మీద బీడీలు చుట్టి కొనుక్కున్న కుట్టు మిషన్‌ను వెంట తీసుకుపోయింది. వాళ్ళ అత్త దాని మీద వడ్ల బస్తాలు పేర్చింది. నాలుగు రోజులుండి పోతానని అక్క వచ్చి రెండు నెలలైంది. బావ తొంగి చూడలేదు. అక్కకు తిరిగి పోవాలనే ఉంది. కానీ బస్తాలు దిగాలి, ఆ తర్వాతే పోవాలి, ఓడిపోయి వచ్చిందని ఎవరూ అనకూడదు. ఇవన్నీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఖాలా కథలో మాత్రం ఒక రాజుగారి కోడలు, ఆమె వెంట తెచ్చుకున్న పాడే పిట్ట, ఆ పంజరం మీద బస్తాలు పేర్చిన అత్త ఉన్నారు. అక్క ఊఁ అంటోంది.

నేను నోటుబుక్కుతో గడపలో కూర్చుని రాసుకుంటున్నాను. నాలుగో రోజు నాకు జ్ఞానోదయమైంది. అది లోపలే ఉంచుకుంటే సరిపోయేది.

"సమజైంది ఖాలా! గీ అత్త రాకాసి తల్లి. అంటే కోహెడ అత్తమ్మ. పిట్ట అంటే అక్క మిషన్. రాజు కొడుకేమో మా బావ!"

ఆకు కత్తిరించే కత్తెరలన్నీ ఒక్కసారి ఆగాయి. అక్క చాట పక్కన పెట్టి, చీరకంటిన తంబాకు దులుపుకుని లోపలికి పోయింది.

"నీ నోట్ల మన్నువడ," అంది నన్ను కన్న అవ్వ. "రెండు నెలల సంది మేమెవ్వలం ఎత్తని మాట గద!"

ఖాలా నా వైపు జాలిగా చూసింది. "కాలేజీల గిదే నేర్పుతున్నరా బేటా? పండుకున్నోళ్ళ మీది దుప్పటి గుంజుడు?"

అసలు సంగతి నాకు అప్పుడు తట్టలేదు. అరుగు చివర కూర్చున్నామెకు కోహెడలో చుట్టాలున్నారు. కథలో రాకాసి ఎంతకాలమైనా ఉండొచ్చు, ఎవరికీ తగలదు. పేరు పెట్టి అన్నాక అది బస్సెక్కుతుంది.

ఎక్కింది. నాలుగు రోజులకు, మధ్యాహ్నం కోహెడ బస్సులో బావ దిగాడు. చేతిలో గుడ్డసంచి. చెప్పులు విడవకుండానే అడిగాడు.

"మా అవ్వను రాకాసి అన్నదెవ్వలు?"

ఐదారుగురూ నన్నే చూశారు. అంత ఐకమత్యం ఆ అరుగు మీద అంతకుముందు నేనెరగను.

"కథల బావా," అన్నాను. "కథల రాకాసి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అక్క వింటోంది. ఈయన ఇప్పుడు వెనక్కి తిరిగి బస్టాండుకు నడిస్తే, ఇక బస్తాల సంగతి ఎత్తేవాళ్ళు ఉండరు.

"గా కథ ఇంక ఒడువలే, సగంలనే ఉన్నది అల్లుడు," అంది ఖాలా ఆకు కత్తిరిస్తూ. "కూసో, ఇని పో. రాజు కొడుక్కు ఒక బామ్మర్ది ఉండె. కండ్లకు అద్దాలు, సంకల పుస్తకం. అందరికి పేర్లు పెట్టుకుంట తిరుగుతడు. గాడ్దిని జూసి గుర్రమని రాసుకుంటడు. ఇంటికొచ్చి అద్దంల జూసుకొని ఏం రాయాల్నో తెల్వక కూసుంటడు. ఊఁ ఎవ్వలు గొడ్తరు?"

కట్టుబాటు కట్టుబాటే.

"ఊఁ," అన్నాను.

లోపల నుంచి నవ్వు వినిపించింది. ఆ వెంటే అక్క గుమ్మంలోకి వచ్చి, తలుపుకు ఆనుకుని, బావను కాకుండా వీధిని చూస్తూ కథ అందుకుంది.

"రాకాసి గీకాసి ఏం లేదు. పిట్ట పాడితే ఊరోళ్ళంత ఇంటి ముంగట జమైతరని అత్తకు బుగులైంది. గంతే. రెండు నెలలకు రాజు కొడుకు వచ్చిండు. కోడలు ఒక్కటే మాట అడిగింది. పిట్ట బతికున్నదా, లేదా?"

ఎవరూ ఊఁ కొట్టలేదు. బావ చెప్పులు విడిచాడు. కింద పడిన తునికాకు ముక్క తీసి, మడిచి, మళ్ళీ విప్పాడు.

"ఊఁ," అన్నాడు.

ఖాలా చేతులు కూడా ఆగాయి.

"బస్తాలు దించిన," అన్నాడు. "పదిహేను రోజులైంది. నూనె గూడ ఏసిన. వచ్చి చెప్పాలంటె ఏమని రావాలె? గీ లొల్లి ఇన్నంక జెర సాకు దొరికింది."

"మరి అత్తేమన్నదట?" అంది అక్క, ఇంకా వీధిలోకే చూస్తూ.

బావ సంచిలోంచి ఒక పాత జాకెట్టు, దాని మీద మడతపెట్టిన కొత్త బట్ట తీసి అరుగు మీద పెట్టాడు.

"కొలతకు పాతది వెట్టింది. రాకాసి కొలతలు గివి, ఒక్క ఇంచు తక్కువైనా ఊకోనని చెప్పుమన్నది."

అక్క పాత జాకెట్టు అందుకుని చేతి కుట్టు వేలితో లాగి చూసింది. "గిది కుట్టినోనికి చెయ్యి ఇర్గిందా ఏంది," అంది. ఆమె పోవడానికి ఒప్పుకుందని మాకు అట్లా తెలిసింది. పొద్దున బస్సుకు ఇద్దరూ వెళ్ళారు.

రికార్డులో రాకాసి తల్లి అన్న మాట కొట్టేసి, ఎదురుగా 'కుదరలేదు' అని రాశాను. ఇరవైకి తొమ్మిది వచ్చాయి. లెక్చరర్ ఎర్ర సిరాతో 'బామ్మర్ది ఏ మూలరూపం?' అని అడిగారు. మా వాడకట్టులో ఎవరికీ ఆ ప్రశ్న అడగాల్సిన పని పడలేదు.

బావ వచ్చిన రోజు ఖాలా చాటలో సగం తంబాకు మిగిలే ఉంది. కథ మాత్రం అయిపోయింది. మిగిలిన బీడీలు ఆమె కథ లేకుండానే చుట్టింది.