బొంతకో దుర్గుణం

ఒక్క దుర్గుణమైనా చెప్పనిదే అమలమ్మ గారు కత్తెర పట్టుకోరు. అలాగని ఆవిడ పోలీసూ కాదు, లాయరూ కాదు. విజయవాడ వన్ టౌన్‌లో, నా లైనింగ్ గుడ్డల షాపుకి ఎదురుగా బొంతలు కుడతారు. నాన్న చొక్కాలు, అమ్మమ్మ చీరలు, పొట్టయిపోయిన పిల్లల గౌన్లు, ఏవైనా సరే, పారెయ్యడానికి మనసొప్పక బీరువాలో దాచుకున్నవి తెచ్చిస్తే ముక్కలు కోసి, అతికి, శుభ్రంగా కప్పుకునే బొంత చేసిస్తారు. ఈమధ్య ఫోన్లలో చూసి వచ్చినవాళ్లు దీన్ని ‘మెమరీ క్విల్ట్’ అంటున్నారు. "ఆఁ, అదే. బొంత," అంటారావిడ.

సంచీ విప్పగానే కళ్లజోడు సర్దుకుని మొదలుపెడతారు.

"ఎవరివి బాబూ?"

"మా నాన్నగారివండీ. దేవుడండీ ఆయన."

"దేవుడి బట్టలు నేను కుట్టను. గుళ్లో ఇచ్చెయ్యండి. మనిషివైతే ఒక దుర్గుణం చెప్పండి."

ఈసారి దొరికినవాడు గవర్నర్‌పేటలో బ్యాంకు ఆఫీసరు సురేష్. పాపం, టై కట్టుకుని మరీ వచ్చాడు. "అంటే... కాస్త ముక్కోపి అండీ," అన్నాడు.

"అది అందరు నాన్నలకీ ఉంటుంది. ఇంకోటి."

సురేష్ టై వదులు చేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "ఏ లాడ్జీలో దిగినా సబ్బులు తెచ్చేసేవారండీ. నాకు ఉద్యోగం వచ్చేదాకా పెద్ద సబ్బు ఎలా ఉంటుందో తెలీదండీ!" అంటూ పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే వాళ్ల నాన్న చొక్కా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమలమ్మ గారు టేపు తీసి కొలతలు చూసుకున్నారు.

ఎందుకండీ ఈ గోల అని ఎవరైనా అడిగితే, "దుర్గుణాన్ని బట్టే అంచు రంగు," అంటారు గంభీరంగా. శుద్ధ అబద్ధం! ఆ అంచు గుడ్డ అమ్మేది నేనే. కోపిష్ఠికీ, పిసినారికీ, పేకాటరాయుడికీ అందరికీ ఒకటే మెరూన్. అయినా నలుగురూ నమ్ముతారు. నమ్మనివాళ్లు కోపం తెచ్చుకుని వెళ్లిపోతారు. వాళ్లతో పాటు నా అంచు గుడ్డ బేరమూ పోతుందని ఆవిడకి పట్టదు.

బతికున్నవాళ్లకీ మినహాయింపు లేదు. ఫిన్నీ, వినీల అని చిన్న జంట తమ పాప మొదటి ఏడాది గౌన్లు తెచ్చారు. "ఏడాది పిల్లకి దుర్గుణమేంటాంటీ!" అని ఫిన్నీ పెద్దగా నవ్వాడు. వినీల నవ్వలేదు.

"పగలంతా పడుకుంటుందాంటీ. ఈయన ఆఫీసు నుంచి రాగానే నవ్వుతూ లేస్తుంది. ఈయన గురక మొదలవగానే ఏడుపు అందుకుంటుంది. ‘మన పాప ఎంత బుద్ధిమంతురాలో’ అని ఈయన అందరికీ చెప్పుకుంటారు!"

ఎన్నాళ్లు బిగబట్టుకుందో, ఇంకా బోలెడు చెప్పింది. ఫిన్నీ మొహం చూడాలి! "గడుసు పిల్ల. కుట్టొచ్చు," అన్నారు అమలమ్మ గారు.

ఇక ఉయ్యూరు నుంచి బసవయ్య గారి కుటుంబం వచ్చిన వైభవం చెప్పాలి. కారు మా సందులో పట్టక మూల మీద ఆపి, డ్రైవరు నెత్తిన పెద్ద మూటతో వచ్చారు. పెద్దకొడుకు చక్రధర్, కోడలు సింధూరి, వాళ్లిద్దరి మధ్య బసవయ్య గారి భార్య ఛాయాదేవి గారు. మూట విప్పితే ఏముంది, అన్నీ సన్మానం శాలువాలే! చెరకు రైతులు కప్పినవి, గుడి కమిటీ కప్పినవి, బడి వార్షికోత్సవంలో కప్పినవి. మన వైపు నలుగురు పోగైతే ఎవరో ఒకరి మీద శాలువా పడాల్సిందే కదా. అది చలీ ఆపదు, చెమటా పీల్చదు, ఫోటో దిగడానికి తప్ప ఎందుకూ కొరగాదు. వాటిలో సగం ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి.

"సంవత్సరీకాలకి కల్యాణమండపంలో స్టేజీ వెనక కట్టాలండీ. గోడంతా రావాలి. మధ్యలో నాన్నగారి ఫోటో," అన్నాడు చక్రధర్.

"బొంతా, ఫ్లెక్సీయా?" అన్నారు అమలమ్మ గారు.

ఈలోగా దారం కావాలన్నట్టు సింధూరి నా షాపులోకి వచ్చి మెల్లగా చెప్పింది. "మావయ్య గారు పోయిన దగ్గర్నుంచీ మా అత్తయ్య గారు నోరు విప్పలేదండీ. ఏడవనైనా లేదు. పిలిస్తే చూస్తారు, అంతే. డాక్టర్లకీ చూపించాం. ఆయన బట్టలు చూస్తేనన్నా ఒక్క మాట మాట్లాడతారేమోనని నేనే ఈ బొంత సంగతి పట్టుబట్టాను. ఈయనేమో శాలువాలు మూట కట్టారు." చెబుతూ కళ్లు తుడుచుకుంది.

తల తిప్పి చూద్దును కదా, ఎదురుగుండా అమలమ్మ గారు కళ్లజోడు సర్దుకుంటున్నారు! ఇవాళొక్కరోజుకి వద్దు తల్లీ అని ఇక్కణ్ణుంచే రెండు చేతులూ ఊపాను. ఆవిడ నావైపు చూస్తేనా!

"ఆయన దుర్గుణం ఒకటి చెప్పండి."

చక్రధర్ మొహం కందగడ్డ అయింది. "మా నాన్నగారికి దుర్గుణాలా? వెళ్లి ఊళ్లో అడగండి!"

"ఊరు కాదు నాయనా. కాపరం చేసినావిడ చెప్పాలి."

"మహానుభావుడండీ ఆయన! ఒకరిని నొప్పించి ఎరగరు, ఇంట్లో ఎవర్నీ ఇబ్బంది పెట్టి ఎరగరు..."

"ఎరగరా?"

అన్నది ఛాయాదేవి గారు. సింధూరి చేతిలో దారం రీలు జారి సందులోకి దొర్లిపోయింది.

"పక్కనే తువ్వాలు పెట్టేదాన్ని. చెయ్యి కడిగీ కడక్కుండా ఆ తువ్వాలు దాటుకొచ్చి నా పైటచెంగుకే తుడిచేవారు! పాత చీరా పట్టుచీరా అని లేదు. పెళ్లిళ్లలో కూడాను! ఆవకాయ తిన్నరోజు సరేసరి. నేను తిట్టడం, ఆయన నవ్వడం. చచ్చేదాకా మానలేదు. నా చీరలన్నీ పాడుచేసి పోయాడమ్మా!" అని బావురుమన్నారు.

"అమ్మా, ఊరుకో," అని చక్రధర్ ముందుకొచ్చాడు.

"నువ్వూరుకో నాయనా," అని కత్తెర అడ్డం పెట్టారు అమలమ్మ గారు. ఛాయాదేవి గారిని స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చారు. తర్వాత అడిగారు, "ఆ చీరలున్నాయా?"

"ఉన్నాయి. ఆ మరకలు ఓ పట్టాన వదుల్తాయా!"

"అవే తెండి. బొంత వాటితో కుడదాం. శాలువాలు లోపలి పొరకి వాడదాం. వాటికీ ఒక పని దొరుకుతుంది."

వాళ్లు వెళ్లాక నేను ఊరుకోలేకపోయాను. "అంత బాధలో ఉన్న మనిషిని అలా అడుగుతారా అండీ?"

"దండేసిన ఫోటోతో ఎవరు పోట్లాడతారు తిరుపతిరావూ? ఇంటికొచ్చిన ప్రతివాడూ మహానుభావుడు, మహానుభావుడు అని ఆవిడ మొగుణ్ణి ఎత్తుకుపోయారు. తిట్టుకోడానికి మనిషి తిరిగి దొరికితేనే కదయ్యా, పోయాడని ఏడ్చేది!"

అంచు రంగు అబద్ధం ఎందుకో అప్పుడు తెలిసింది నాకు. ఈ బొంతకి అంచు గుడ్డ ఊరికే ఇచ్చేద్దామనిపించింది. అనిపించిందంతే.

మరుసటి వారం సింధూరి నాకు ఫోన్ చేసింది. కుట్టేటప్పుడు అమలమ్మ గారు ఫోనెత్తరు.

"అంకుల్, అమలమ్మ గారికి చెప్పండి. ఆరోజు కారెక్కిన దగ్గర్నుంచీ అత్తయ్య గారు ఆపలేదు. మావయ్య గారివన్నీ అయిపోయి, ఇప్పుడు మా ఆయనవి చెబుతున్నారు!"

నేను ఆ మాట సందు అవతలికి అరిచి చెప్పాను. అమలమ్మ గారు మిషన్ ఆపకుండానే, "కోడలివి మొదలెట్టిందేమో కనుక్కో," అన్నారు.

కనుక్కున్నాను.

"ఇందాకే మొదలెట్టారండీ," అంది సింధూరి. ఆ అమ్మాయి నవ్వు ఆగడం లేదు.