కరుణమ్మ టీచర్ గిటార్ కోసం నందిగామ దాకా

హైదరాబాద్ నుంచి జగ్గయ్యపేట వెళ్లేవాళ్లకు మామూలుగా ఏదో ఒక పని ఉంటుంది. పెళ్లో, పొలం రిజిస్ట్రేషనో, సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమో. నాకు అవేవీ లేవు. రెండు నిమిషాల వీడియో ఒకటి చూసి బయలుదేరాను.

ఆ వీడియో దాకా ఎలా వచ్చానో ముందు చెప్పాలి. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలు విని టైపు చేయడం చాలా ఏళ్లు నా ఉద్యోగం. వాళ్లలో ఒకాయన కారు నడుపుతూ చెప్పేవాడు. గొంతు వెనక కారు రేడియో వినిపించేది. మోకాలి ఆపరేషన్ గురించి ఆయన ఆగి ఆగి చెబుతుంటే, ఆగిన చోటల్లా ఒక గిటార్ జారుతూ మూలిగేది. రిపోర్టు పూర్తయ్యాక కూడా ఆ ముక్కను వెనక్కి తిప్పుకుని విన్నాను. అది స్టీల్ గిటార్ అనీ, ఆ పాటల్ని కంట్రీ అంటారనీ తర్వాత తెలిసింది. అమెరికా పల్లెటూళ్ల పాటలు. లారీ డ్రైవర్లు, రైళ్లు, వాన, వెళ్లిపోయిన భార్య, మిగిలిన కుర్చీ. వాటినే హుషారెక్కించి, నిలువెత్తు బేస్ వాయిద్యం తీగల్ని అరచేత్తో చరుస్తూ గంతులేయించేలా వాయిస్తే రాకబిల్లీ. పాత రోజుల రికార్డులన్నీ వెతికి వెతికి విన్నాను. ఆఫీసులో వాటికి 'ఆవులు కాసే పాటలు' అని పేరు పెట్టారు.

నాకు పెళ్లయింది, నిలబడలేదు. తర్వాత ఆ ఉద్యోగం కూడా కంప్యూటర్లకే వెళ్లిపోయింది. పాటలు మాత్రం ఉన్నాయి. ఎంత బాగున్నా, పక్కనున్నవాడితో 'ఇది విన్నావా' అనడానికి ఎవరూ లేకపోతే ఏ పాటైనా కొంత సేపటికి గదిలో ఫ్యాన్ చప్పుడులాగే అయిపోతుంది.

అలాంటప్పుడు కనబడింది ఆ వీడియో. నందిగామ దగ్గర ఒక చర్చిలో పెళ్లి. తెల్ల చీర కట్టుకున్న పెద్దావిడ గిటార్‌ను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయిస్తోంది. మొదలెట్టింది కీర్తన. మధ్యలో ఒక్కచోట చెయ్యి మలుపు తిరిగింది. ఆ మలుపు నేను హెడ్‌ఫోన్లలో తప్ప ఎక్కడా విననిది. వీడియో పెట్టినాయన జగ్గయ్యపేటలో మైక్ సెట్లు అద్దెకిచ్చే కోటేశ్వరరావు. రాసి అడిగితే ఫోన్ చేశాడు. "ఆవిడ మా టీచరండి. కరుణమ్మ గారు. రండి, నేను తీసుకెళ్తా" అన్నాడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక శుక్రవారం ఉదయం ఎల్.బి.నగర్‌లో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జగ్గయ్యపేటకు ప్రయాణికుల రైలు లేదు, బస్సే దిక్కు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఊళ్లోకి వెళ్లవు. హైవే మీద చిల్లకల్లులో దిగి ఆటో పట్టుకోవాలి. వెళ్లేవాళ్లు ఎక్కేముందే కండక్టర్‌ను అడగడం మంచిది.

సూర్యాపేట దాటాక పక్క సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. కంటికి పచ్చ గుడ్డ. వీరులపాడు దగ్గర రైతునని, కన్ను చూపించుకుని వస్తున్నానని చెప్పాడు. నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు చూసి, "ఏం వింటన్నారండి అంత శ్రద్ధగా?" అన్నాడు. ఒకటి తీసి ఆయన చెవిలో పెట్టాను. కాసేపు తల వంచుకుని విన్నాడు.

"ఎవురో ఏడుస్తన్నట్టుందే."

"ఏడుపు పాటేనండి."

"మరి డబ్బులిచ్చి కొనుక్కుని ఏడవడం ఎందుకు?" అని నవ్వి, ఇయర్‌ఫోన్ తిరిగిచ్చి కునుకు తీశాడు.

కోదాడ తర్వాత గరికపాడు చెక్‌పోస్టు దాటితే ఆంధ్ర. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. బస్సు అద్దం వేసి ఉన్నా ఘాటుకు తుమ్ములొచ్చాయి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో చిల్లకల్లులో దిగి, షేర్ ఆటోలో జగ్గయ్యపేట చేరాను. బస్టాండ్ దగ్గర లాడ్జిలో గది దొరికింది. శుభ్రంగానే ఉంది, కిటికీ మాత్రం పక్క మేడ గోడలోకి తెరుచుకుంటుంది. మెస్‌లో దోసకాయ పప్పు, గోంగూర, గడ్డ పెరుగు. ఒంటరిగా తింటున్న నన్ను చూసి వడ్డించే ఆవిడ, "ఇంకో చెంచా నెయ్యేసుకోండి, మొహమాటపడబాకండి" అంది.

సాయంత్రం కోటేశ్వరరావు షాపుకు వెళ్లాను. నలభై అయిదేళ్ల మనిషి, మాట పెద్దది. పొలం కూడా ఉంది, కానీ మనసంతా స్పీకర్ల మీదే. నేను ఒక విషాద గీతం వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ ఏడుపులు నాకొద్దండి. గంతులేసేవి ఉంటాయి చూడండి, అవి పెట్టండి."

రాకబిల్లీ పెట్టాను. ఎత్తైన స్పీకర్ల జతలోంచి బేస్ తీగల చరుపు వచ్చేసరికి వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. కోటేశ్వరరావు అట్టపెట్టె మీద రెండు చేతులతో వాయిస్తూ నిలబడే ఊగాడు. నేను ఇన్నేళ్లూ ఆ పాటను కదలకుండా కూర్చుని విన్నాను. అది ఊగాల్సిన పాట అని నా ఒంటికి ఆ సాయంత్రమే తెలిసింది. కానీ ఎనిమిదింటికి ఆయన షట్టర్ దించి, "రేపు తొమ్మిదింటికి తయారుగా ఉండండి" అని ఇంటికెళ్లిపోయాడు. నేను గోడలోకి తెరుచుకునే కిటికీ ఉన్న గదికి వచ్చాను.

మర్నాడు ఇడ్లీ తిని, ఆయన బైక్ మీద నందిగామ బయలుదేరాం. బస్సులు ఎప్పుడూ ఉంటాయి, అరగంట పైన పడుతుంది. కరుణమ్మ టీచర్ ఇల్లు ఊరి చివర, రెండు గదులు, ముందు బంతి మొక్కలు. డెబ్బై దగ్గర పడిన మనిషి, నిటారుగా ఉంది. తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు.

"పాట కోసం అంత దూరం నుంచి వచ్చారా?" అని నన్ను ఎగాదిగా చూసింది. "వీడు అబద్ధమాడుతున్నాడనుకున్నా."

"నేనెప్పుడు అబద్ధమాడానండి, టీచర్?"

"తొమ్మిదో తరగతిలో."

వాళ్ల నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసేవాడట. అక్కడి అమెరికా నర్సు తిరిగి వెళ్లిపోతూ ఆ గిటారూ, రికార్డ్ ప్లేయరూ, నాలుగు రికార్డులూ ఆయనకు ఇచ్చింది. రికార్డులు వింటూ తనంతట తానే నేర్చుకున్నాడు. కూతురికి నేర్పాడు. ప్లేయర్ ఎప్పుడో మూలపడితే కిందటి నెల కోటేశ్వరరావు బాగుచేశాడు.

ఆవిడ గిటార్ ఒళ్లో పెట్టుకుంది. కడ్డీ తీగల మీద పెట్టగానే ఆ చిన్న గదిలో గాలి మారినట్టు అనిపించింది. వీడియోలో విన్న మలుపు నా ఎదురుగా, మూరెడు దూరంలో తిరిగింది. హెడ్‌ఫోన్లలో ఎప్పుడూ వినబడనిది ఒకటి వినబడింది: ఉక్కు తీగను రాసుకునే సన్నని చప్పుడు.

ఆపి, "ఇది మా నాన్న రోజూ వాయించే పాట" అంది. "నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పట్నుంచీ సాయంత్రం పూట ఇదే. చర్చిలో కానుకలు పట్టేటప్పుడు ఇప్పటికీ నేనిదే వాయిస్తా. మాటలు మాత్రం తెలీవు. మాది పుస్తకాల ఇంగ్లీషు, వాళ్ల యాస నాకు పట్టుపడలా. మీరు వాళ్ల మాటలు రాసే పని చేశారటగా. కాస్త విని చెప్పండి."

కోటేశ్వరరావు సూది దించాడు. గరగరమని నాలుగు చుట్లు తిరిగాక మగ గొంతు ఒకటి ముక్కుతో పాడింది. నాకు మొదటిసారికే తెలిసిపోయింది. అయినా ఇంకోసారి పెట్టమన్నాను. తప్పు వినుంటే బాగుండునని.

"ప్రార్థన పాటేగా?" అంది టీచర్. "మధ్యలో 'లార్డ్' అంటాడు, అది వినబడుతుంది."

"అది... మనం 'అయ్యో దేవుడా' అంటామే, అలా అన్నాడండి."

ఆవిడ నా మొహం చూసింది. "చెప్పండి, పర్లేదు."

చెప్పాను. భార్య చనిపోయినవాడి పాట. ఇరుగుపొరుగువాళ్లు కూర తెచ్చి ఎలా ఉన్నావంటే, బాగానే ఉన్నానన్నాడు. పాస్టర్ వచ్చి అడిగితే బాగానే ఉన్నానన్నాడు. నిజం మాత్రం సాయంత్రం తాగే సీసాకే చెప్పుకున్నాడు. అంతవరకూ చెప్పి ఆగాను.

"ఇంకో చరణం ఉంది కదా?"

"చిన్న కూతురు వచ్చి అడుగుతుందండి. నాన్నా, నువ్వు బాగానే ఉన్నావా అని. ఆ పిల్లకి కూడా అదే చెబుతాడు."

పాట అయిపోయి రికార్డు సూది కింద ఊరికే తిరుగుతోంది. కోటేశ్వరరావు లేచి తీయబోయి ఆగిపోయాడు. టీచర్ చాలాసేపు కడ్డీని చీర కొంగుతో తుడిచింది.

"మా నాన్నకి ఇంగ్లీషు బాగా వచ్చు" అంది చివరికి. "ఆ నర్సు దొరసాని దగ్గర పనిచేశాడు కదా. ఆయనకి ప్రతి మాటా తెలుసు. ఏం పాట నాన్నా అంటే, ప్రార్థన పాటమ్మా అనేవాడు. ఏనాడూ చుక్క ముట్టలేదు. ఇదే వాయించుకున్నాడు. నేను పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని."

చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించి, ఆ మాటే అన్నాను.

"అట్లా అనబాకు బాబూ. ఆయన నాకు చెప్పలేకపోయింది ఇవాళ నీ నోట విన్నా."

కోటేశ్వరరావు మెల్లగా అడిగాడు. "మరి చర్చిలో మానేస్తారా, టీచర్?"

"ఎందుకు మానెయ్యడం? మనకు తెలీదుగానీ, దేవుడికి మొదట్నుంచీ తెలుసుగా" అంది. ముందు నవ్వు వచ్చింది, తర్వాత కళ్లు తడిశాయి. కళ్లు తుడుచుకుని, "మాటలొచ్చుగా, పాడండి. నేను వాయిస్తా" అంది నాతో.

నేను ఎవరి ముందూ పాడినవాణ్ణి కాదు. గొంతు రెండుసార్లు జారింది. జారిన చోటల్లా ఆవిడ కడ్డీ కూడా నాతో పాటు జారి, నన్ను ఎత్తుకుని పైకి తెచ్చింది. మూడో చరణం దగ్గర ఆవిడ తల వంచుకుంది, వాయించడం మాత్రం ఆపలేదు. అయిపోయాక రికార్డు రెండో వైపు తిప్పించింది. అది గంతులేసే పాట. కోటేశ్వరరావు ఖాళీ నీళ్ల డబ్బా బోర్లించి రెండు చేతులతో చరిచాడు. టీచర్ పాదం నేల మీద తాళం వేసింది. ఆ కాసేపూ ఆ ఇంట్లో ముగ్గురం ఉన్నాం, నాకు బాగా గుర్తుంది.

మధ్యాహ్నం ఆవిడ చేపల పులుసుతో అన్నం పెట్టింది. మూడు గంటలకు కోటేశ్వరరావు నన్ను నందిగామ బైపాస్ దగ్గర దింపాడు. కంచికచర్ల వైపు పెళ్లి పని ఉందని వెంటనే వెళ్లిపోయాడు. హైదరాబాద్ బస్సు ఖాళీగా వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. మునగాల దాటాక పొద్దు వాలింది. ఇలా ఎవరైనా వెళ్తే వాళ్లకు చెప్పగలిగింది ఇంతే: ఒకే పాట ఇష్టమైనవాళ్లు కలుసుకుంటే ఒంటరితనం పోదు. ఎవరిది వాళ్లు తెచ్చుకుని ఒక గదిలో పెట్టుకుంటారు, లేచేటప్పుడు ఎవరిది వాళ్లు తీసుకుంటారు. మోయడం మాత్రం కొంచెం అలవాటవుతుంది.

సూర్యాపేటలో టీకి ఆపినప్పుడు ఫోన్ మోగింది. కరుణమ్మ టీచర్.

"ఒకటి అడగడం మర్చిపోయా. ఆ పాటలో ఆయన చివరికి బాగుపడతాడా?"

"లేదండి. పాట అక్కడే ఆగిపోతుంది."

అటువైపు ఏదో బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"సరే" అంది. "ఇంటికి చేరాక ఫోన్ చెయ్యండి. ఎంత పొద్దుపోయినా పర్లేదు, మేలుకునే ఉంటా."

చేస్తానని చెప్పి బస్సెక్కాను. ఇల్లు చేరానన్న మాట నేను ఎవరికైనా చెప్పి చాలా ఏళ్లయింది.