నూకన్నకు గుసగుస రాదు

నూకన్నకు గుసగుసలాడటం చేతకాదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ విద్య ఆయనకు పట్టుబడలేదు. రహస్యం చెప్పాలనుకుంటే ముందు చుట్టూ చూస్తాడు, ఎదుటి మనిషి చెవి దగ్గరకు వంగుతాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, ఆ తర్వాత చౌల్దారీ బస్టాపు దాకా వినబడేలా చెబుతాడు. ఒకసారి ప్రిన్సిపాల్ రమాదేవిగారి చీరకొంగుకు సిరా మరక అంటితే, ఆవిడ ఒక్కరికే తెలియాలని ఇలాగే జాగ్రత్తగా చెప్పాడు. ప్రార్థనకు నిలబడిన నాలుగు వందల మంది పిల్లలూ ఒక్కసారిగా ఆ కొంగు వైపు చూశారు.

తప్పు ఆయనది కాదు, చేసిన పనిది. చౌల్దారీ బడిలో ప్యూనుగా చేరకముందు మాయాబందర్ జెట్టీ మీద పద్దెనిమిదేళ్లు పడవ ఎక్కేవాళ్ల పేర్లు పిలిచాడు. ఒక పక్క ఇంజను మోత, ఒక పక్క సముద్రపు గాలి, మధ్యలో కోళ్ల గంపలతో, చంటిపిల్లలతో జనం. పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ రెండేసిసార్లు పిలవాలి. వినబడకపోతే ఆ మనిషి ఒడ్డునే మిగిలిపోతాడు. అలా పెంచుకున్న గొంతు ఉద్యోగం మారినా దిగి రాలేదు.

కళ్యాణి ఆ గొంతు మొదటిసారి విన్నది ఆగస్టులో. అంతకు రెండు నెలల ముందు, ఆ బడిలో పన్నెండో తరగతి చదివే తిరుమలేష్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే ప్రయత్నం చేశాడో లేదో కూడా ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత బడికీ, పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లల మనసు బాగోగులు చూసే ఒక సంస్థకూ ఆరు నెలల ఒప్పందం కుదిరింది. సంస్థ వారానికోసారి కౌన్సెలర్‌ను పంపాలి, బడి ఒక గది ఇవ్వాలి. ఆ కౌన్సెలర్ కళ్యాణి. ప్రోతరాపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లు. ప్రతి బుధవారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేది.

బడి గది ఇచ్చింది. గది అనడం మర్యాద కోసమే. స్టాఫ్‌రూముకు అడ్డంగా ప్లైవుడ్ చెక్క కొట్టించి, ఒక మూల ముక్క ఆమెకు ఇచ్చారు. చెక్క చాలక రేకుల కప్పుకు రెండడుగుల కిందే ఆగిపోయింది. తలుపు ఉంది, గడియ ఉంది. ఇక్కడ చెప్పిన మాట ఇక్కడే ఉంటుందని రాసిన పోస్టరు కూడా కళ్యాణి గోడకు అంటించింది.

మొదటి బుధవారం ఆమె ఐదు పేర్లు కాగితం మీద రాసి, పిల్లల్ని నెమ్మదిగా తీసుకురమ్మని నూకన్న చేతికిచ్చింది. చేతికి పేర్ల జాబితా వస్తే నూకన్న ఏం చేస్తాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన వరండా మధ్యలో నిలబడి, ఐదుగురి పేర్లూ, తండ్రుల పేర్లూ, ఊళ్లూ రెండేసిసార్లు పిలిచి, అందరూ కౌన్సెలింగ్ రూముకు రావాలని ప్రకటించాడు. ఒకడు గోడ దూకి ఇంటికి పోయాడు. ఇద్దరు బాత్‌రూములో దాక్కున్నారు. సాయంత్రానికల్లా ఊళ్లో ఆ ఐదుగురికీ పాగల్ అన్న పేరు ఖాయమైంది. ఒక తల్లి వచ్చి తాను సంతకం పెట్టిన అంగీకారపత్రం వెనక్కి పట్టుకుపోయింది.

ఆ ఐదు పేర్లలో ఒకటి హిమబిందుది. తిరుమలేష్ చెల్లెలు, పదో తరగతి. అన్న పోయిన రోజునుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. తిండి సగం అయింది, చదువు పోయింది, కిటికీ బయటకు చూస్తూ పీరియడ్లకు పీరియడ్లు కూర్చునేది. ఆ ఇంట్లో ఇంకో చావు జరుగుతుందేమోనని కళ్యాణికి భయం పట్టుకుంది. కళ్ల ముందు కనబడుతున్న భయం అది. అందుకే ఆ రోజు నూకన్న మీద ఒళ్లు మండి, నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తల వంచుకుని నిలబడి, తప్పయిపోనాది మేడమ్ అన్నాడు. ఎదుటి వరసలో ఆరో తరగతికి పాఠం చెబుతున్న టీచరు ఎవరో తనకే క్షమాపణ చెబుతున్నారనుకుని బయటకు తొంగి చూసింది.

ఆ తర్వాత నూకన్న పిల్లల పేర్లు పిలవడం మానేశాడు. మిగతాదేదీ మానలేదు. బుధవారం కౌన్సెలింగ్ గది తలుపు పడిందో లేదో, వరండాలో స్టూలు వేసుకుని మొదలుపెట్టేవాడు. మాయాబందర్‌లో ఉన్న వదిన కామమ్మకు ఫోను చేసి మేకల కుశలం ఒక్కొక్కదాని పేరు పెట్టి అడిగేవాడు. ఆ వదిన ఫోను పెట్టేస్తే, ఏ ఓడ ఏ రోజు ఏ దీవికి పోతుందో పేపర్లో చూసి చదివేవాడు. అదీ అయిపోతే బకెట్టును కాలితో తన్ని, ఇక్కడ ఎవరు పెట్టారని బకెట్టునే నిలదీసేవాడు. కళ్యాణి బయటికొచ్చి బతిమాలితే, ఠీక్ హై మేడమ్ అని గొంతు తగ్గించేవాడు. ఆ తగ్గడం ఆమె లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చునేదాకా ఉండేది.

ఒక్క వాన పడ్డప్పుడు మాత్రం ఆయన నోరు మూసుకునేవాడు. రేకుల మీద వాన దంచి కొడుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చునేవాడు. వానతో పోటీ పడలేక ఓటమి ఒప్పుకున్నాడని కళ్యాణి నవ్వుకునేది.

హిమబిందు మూడు వారాలు గదిలోకి వచ్చి, గోడకేసి చూసి వెళ్లిపోయింది. నాలుగో వారం పెద్ద వాన. ఆ వానలో మొదటిసారి, రాత్రి తిన్నానని చెప్పింది. తర్వాత వారం వాన లేదు గాని ఇంకో రెండు మాటలు చెప్పింది. డిసెంబరు వచ్చేసరికి, అమ్మ అన్నయ్య బట్టలు ఉతకనివ్వడం లేదని, నాన్న ఇంటికి ఆలస్యంగా వస్తున్నాడని చెప్పేదాకా వచ్చింది. అన్న చనిపోయిన రోజు సంగతికి మాత్రం ఇంకా రాలేదు. అంత గోలలోనూ పిల్ల నోరు విప్పిందంటే తన చదువు ఊరికే పోలేదని కళ్యాణి మురిసిపోయింది. నెల నెలా సంస్థకు రాసే నివేదికలో మాత్రం, ప్యూను నూకన్న వల్ల భరించలేని శబ్దం అని తప్పకుండా రాసేది.

జనవరి చివర్లో ఒప్పందం గడువు అయిపోతుంది. పొడిగించాలా వద్దా తేల్చడానికి సంస్థ కోఆర్డినేటర్ గోపినాథ్ ఒక బుధవారం వచ్చాడు. ఈయన నూకన్నకు సరిగ్గా వ్యతిరేకం. ఎంత మెల్లగా మాట్లాడతాడంటే, ఆయన దగ్గర పనిచేసేవాళ్లందరికీ వినికిడి లోపం ఉందేమోనని అనుమానం వస్తుంది. ఆయన చేతిలోని ఫారంలో, గది పరిసరాలు నిశ్శబ్దంగా ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంది. లేవు అని పడితే ఒప్పందం పోయినట్టే. ఈ సంగతి ముందే తెలిసిన రమాదేవిగారు నూకన్నను పొద్దున్నే గేటు దగ్గర కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా కదలొద్దని చెప్పారు.

ఆ రోజు ఎండ. గాలి కూడా లేదు. బడి అంత నిశ్శబ్దంగా ఉండటం కళ్యాణి ఎప్పుడూ చూడలేదు. హిమబిందు వచ్చి కూర్చుంది. కళ్యాణి పలకరించింది. ఆ పిల్ల నోరు తెరవబోయి మూసేసింది.

చెక్క అవతల ఎవరో గ్లాసులో చెంచా తిప్పారు. లెక్కల మాస్టారు చక్కెర చాల్లేదని చాలా మెల్లగా అన్నాడు. కళ్యాణికి ఆ మాట తన చెవిలో చెప్పినట్టు వినబడింది. ఆరు నెలల్లో స్టాఫ్‌రూములోని మాట ఆమె వినడం అదే మొదలు. హిమబిందు చూపు చెక్కకూ రేకులకూ మధ్య ఉన్న సందు మీద ఉంది.

అప్పుడు ఆ పిల్ల కళ్యాణి చేతిలో పెన్ను తీసుకుని కాగితం మీద రాసింది. ఈ దీవుల పిల్లలు చాలామందిలాగే తెలుగు మాటను హిందీ అక్షరాల్లో రాసింది. నూకన్న మావ లేడా, అని.

ఎందుకు, అని కళ్యాణి కింద రాసింది.

ఆ పిల్ల మళ్లీ రాసింది. మావ అరిస్తే నా మాట మాస్టర్లకి ఇనబడదు. నువ్వు మాటాడుకో, ఏడుపొస్తే ఏడు, బయట నేనున్నాను అన్నాడు. రెండో వారమే, బడికి దూరంగా రోడ్డు మీద సెప్పాడు.

కళ్యాణికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వాన రోజుల్లో ఆయన ఎందుకు ఊరుకునేవాడో అప్పుడు తెలిసింది. తాను నివేదికల్లో ఎవరి మీద ఫిర్యాదు రాసిందో కూడా తెలిసింది. ఇప్పుడే వస్తానని పిల్లకు చెప్పి గేటు దగ్గరకు దాదాపు పరిగెత్తింది. వరండాలో నిలబడి ఫారం నింపుతున్న గోపినాథ్, ఏదో ప్రమాదం జరిగిందనుకుని వెనకే వచ్చాడు.

నూకన్న గేటు పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని కళ్యాణి అడిగింది.

"ఏటని సెప్పను మేడమ్? మాస్టర్లు ఇంటన్నారని సెప్తే ఆళ్లకి మాటొస్తాది. ఆళ్లు కావాలని ఇనడం నేదు. సందుంది, మాటొచ్చేస్తాది. బస్."

గ్రౌండు వైపు చూపించి మళ్లీ అన్నాడు. "జూన్ నెలలో తిరుమలేష్ నా కాడికొచ్చాడమ్మా. మావా నీతో ఒక మాట అన్నాడు. ఏడుస్తన్నావేట్రా అన్నాను. నా గొంతు తెలుసు కదా. గ్రౌండంతా తిరిగి సూసింది. ఏం నేదు మావా అని ఎల్లిపోయాడు. ఏటి సెప్దామని వచ్చాడో ఇంక నాకు తెల్దు."

అది మీ వల్ల జరిగింది కాదని కళ్యాణి అంది.

"మీరన్నారు, ఠీక్ హై. కానీ ఈ గొంతు తగ్గదమ్మా, శానా సూసాను. తగ్గనప్పుడు ఏదో పనికి వాడాల గదా."

కళ్యాణికి ఏడుపొచ్చింది. లోపల ఆ పిల్ల కూర్చుని ఉందని, వచ్చి అరవమని చెప్పింది. ఆయన లేచాడు.

గోపినాథ్ ఫారం చూపించి, నిశ్శబ్దం తప్పనిసరి అని ఏదో అన్నాడు. రెండుసార్లు అడిగితే గాని ఆ మాట అర్థం కాలేదు.

"ప్లైవుడ్ కప్పుదాకా కొట్టించేంతవరకూ ఆ గదికి గోడ ఈయనే సార్" అంది కళ్యాణి. "గోడను గేటు దగ్గర కూర్చోబెడితే ఎలా?"

గోపినాథ్ స్టాఫ్‌రూము వైపు చూశాడు, రేకుల వైపు చూశాడు, నూకన్న వైపు చూశాడు. తర్వాత ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నూకన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు గాని వెంటనే మొదలుపెట్టలేదు. కామమ్మ వదిన ఫోను ఎత్తడం లేదని, పేపరు కూడా రాలేదని చెప్పుకున్నాడు. ఒక్కడే ఎంతసేపని అరుస్తాడు, ఎదురు చెప్పేవాడుంటే గంటైనా లాగొచ్చన్నాడు. అంటూనే ఇంకో స్టూలు గోపినాథ్ వైపు తోశాడు. ఆయన పెద్దమనిషి, కాదనలేక కూర్చున్నాడు.

లోపల కళ్యాణి తలుపు వేసింది. బయట గొంతు లేచింది. చెక్క అవతల చెంచాలు, గ్లాసులు, మాస్టర్లు అందరూ ఆ గొంతు కింద మునిగిపోయారు. హిమబిందు భుజాలు దిగాయి. చాలాసేపటికి నోరు తెరిచింది.

"ఆ రోజు అన్నయ్య నన్ను బీచికి రమ్మన్నాడు దీదీ. హోంవర్కుందని నేను ఎల్లలేదు."

ఏడు నెలలుగా ఆ పిల్ల గొంతులో ఇరుక్కుని ఉన్నది ఆ ఒక్క మాట. చెప్పేసి, ఎవరైనా వింటారేమోనన్న జంకు లేకుండా, ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది. కళ్యాణి కుర్చీ దగ్గరకు జరుపుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

బయట నూకన్న, జెట్టీలో ఒక ముసలమ్మ మూట మర్చిపోయి పడవెక్కితే, తాను సముద్రంలోకి దూకి, మూట నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లి పడవలో అందించిన వైనం చెబుతున్నాడు. ఎంత దూరమని గోపినాథ్ అడిగాడు. వినబడలేదన్నాడు నూకన్న. గోపినాథ్ గొంతు చించుకుని మళ్లీ అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అంత గట్టిగా మాట్లాడి ఉండడు. రెండు మైళ్లు సార్, అని జవాబు వచ్చింది.

హిమబిందు ఏడుపు మధ్యలో తలెత్తి, చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"అబద్ధం దీదీ. మావకి ఈతే రాదు."

కళ్యాణికి నవ్వు ఆగలేదు. ఆ పిల్ల మూతి కూడా ఒక పక్కకు కదిలింది.

"అన్నయ్యకైతే బాగా వచ్చు" అని, వాడు తనకు ఈత ఎలా నేర్పాడో చెప్పడం మొదలుపెట్టింది. గంట కొట్టినా ఆపలేదు. బయట రెండు మైళ్లు అప్పటికి ఐదయ్యాయి.